ఆదివారం ఒక్కటే ఉన్నది

ఎనుమాముల యార్డుల, రేకుల షెడ్డు కింద
చపాటా కుప్ప ముందర కూసొని
మేం సముద్రాన్ని ఎంచుతున్నం.

ఎంచుడు మాకు కొత్తగాదు.
ఎర్రకాయ ఇటు, తాలుకాయ అటు,
ముచ్చిక గిల్లి పక్కకు.
సముద్రానికే
ఏ కొసకు ముచ్చికుంటదో తెలుస్తలేదు.

మొగిలమ్మ కొడుకు ఫోన్ల మూడు దరులు చూపిండు:
వాడరేవు, సూర్యలంక, మంగినపూడి.
"గిదేందిరా, ఒక్క ఫోటోనే మూడుమాట్ల తిప్పుతున్నవ్"
అన్నది ఓదెమ్మ.
వాడు నవ్విండు. ఆమె నవ్వలె.

శనివారం రాత్రి బండెక్కాలె,
తెల్లారంగ దిగాలె,
సోమవారం కాంటా పెట్టేయాల్లకు
మల్ల కుప్పకాడుండాలె.
నడుమ ఒక్క పగలు.
అండ్ల ఎంత సముద్రం పడుతదో
ఎవ్వరికీ అందాజ లేదు.

జమీలా మొదలే చెప్పింది:
"బట్టలు మార్చుకునేటందుకు అర్రుండాలె.
అర్రకు తలుపు, తలుపుకు గడియ.
తడిబట్టల మీద మందిల నేను నడువ."
మంగినపూడిల గడియ సంగతి
ఎంత ఎతికినా పోరనికి దొరకలె.
అట్ల ఒక సముద్రం పోయింది.

బుచ్చవ్వకు వాడరేవు మీద మనసు.
చీరాల దిగితే చీర గూడ తెచ్చుకోవచ్చని.
"సముద్రానికా నువ్వు, చీరలకా?"
"రెండిటికీ అంచుంటది గదనే" అన్నది.
ఆ మాటకు ఆమెకు ఇంకో ఓటు పడ్డది.

మా ఇంటాయనకు చెప్తే
వడ్డేపల్లి చెరువు కట్ట దిక్కు చెయ్యి చూపిండు.
గవే నీళ్లు, గదే గాలి,
ఆటోకు ఇరవై రూపాయలు.
"అవతలి ఒడ్డు కనపడుతది" అన్న.
"కనపడితే ఏమాయె?"
ఏమాయెనో చెప్పరాలె నాకు.
అన్నం పెట్టి ఊకున్న.

మొన్న బస్తాలు ఎక్కించుకుంట
లారీ యాకూబ్ ఒక మాటన్నడు:
మీరు గిల్లిన తేజ
రేవుకు పోయి ఓడెక్కుతదని.
కొద్దిసేపు ఎవ్వరం మాట్లాడలె.
అంటె, మా చేతులకెల్లి జారిన కాయ
మాకన్న ముందే సముద్రం దాటింది.
టికెట్టు లేదు, రిజర్వేషన్ లేదు,
నెత్తి మీద ముచ్చిక గూడ లేదు.

పైసలు హార్లిక్స్ సీసల ఏసినం.
బోర్లించి లెక్కవెడితె
నోటు నోటుకు తుమ్ము.
రెండు వందలు తక్కువొచ్చినయి.
మల్ల లెక్కవెట్టినం, మల్ల తుమ్మినం,
గంతే తక్కువ.

ఆఖరికి తేల్చింది ఓదెమ్మ మోకాలు.
"లోతు లేని కాడికి పోదాం.
నన్నెవ్వలూ పట్టుకోవద్దు.
మెల్లగ దిగుత, చాలనుకున్న కాడ ఆగుత."
సూర్యలంకల నీళ్లు మెల్లగ లోతైతయని
ఎవరో రాసిండ్రట, పోరడు సదివిండు.
బుచ్చవ్వ మూతి ముడిచింది.
"లంకల దిగినోళ్లను మల్ల ఎవలు తోలుకొస్తరు?"
"సోమవారం కాంటా తోలుకొస్తది" అన్న నేను.
అందరం నవ్వినం, ఓదెమ్మ గూడ.

శుక్రవారం రాత్రి
కొబ్బరినూనె పట్టించి, శెనగపిండితోని తోమి
చేతులు మూడుమాట్ల కడిగిన.
పసిపిల్లనెత్తుకునే ముందు గూడ గిట్లనే కడుగుతం,
అయినా పిల్ల ఏడుస్తది.
గోటి మొదట్ల మంట పోదు.
ఉప్పునీళ్లల్ల పెడితె
సల్లగైతదా, ఎక్కువైతదా?
ఉప్పూకారం తిన్న ఒళ్లే గద అనుకున్న.
కారం ఎటూ ఉన్నది.

శనివారం స్టేషన్ల, మూడో నంబరు మీద,
ఆరుగురం, రెండు టిఫిన్లు, పులిహోర సంచి.
బండి గంట లేటు.
జమీలా సంచిల తాళంచెవి లేని కొత్త తాళం కప్ప,
గడియ లేకపోతె అని.
తాళంచెవి ఇంట్లనే మర్చిపోయింది.

మొగిలమ్మ మాత్రం ఖాళీ నీళ్లసీస పట్టుకొచ్చింది.
మూత తీస్తది, పెడుతది.
"అక్కా, ఒక్క సీసెడు తెచ్చుకుంటె
ఎన్నొద్దులు మురగకుంట ఉంటది?"

చెరువుల మీద బతికినోళ్లం.
ఎవ్వరికీ తెల్వది.